లెక్క అడగని గంటలు

లీడ్స్ విశ్వవిద్యాలయంలో ప్రతి సబ్జెక్టుకూ ఒక వివరాల పేజీ ఉంటుంది. ఏం చెబుతారో, ఏ పుస్తకాలు చదవాలో, మార్కులు దేనికెన్నో అన్నీ అందులో రాసి ఉంటాయి. కిందికి వస్తే గంటల పట్టిక. 15 క్రెడిట్ల సబ్జెక్టుకు మొత్తం 150 గంటలు. లెక్చర్లు, సెమినార్లు, ప్రాక్టికల్స్ అన్నీ కలిపినా నేను చదివిన సబ్జెక్టుల్లో చాలావాటికి అవి ముప్పై గంటల లోపే. మిగిలినవన్నీ ఒకే గడిలో, ‘ప్రైవేట్ స్టడీ’ అన్న మాటకు ఎదురుగా ఉంటాయి. బ్రిటన్‌లో ఒక క్రెడిట్ అంటే పది గంటల చదువు. మాస్టర్స్‌కు 180 క్రెడిట్లు, అంటే 1800 గంటలు. టీచరు ఎదుట కూర్చునే గంటలన్నీ తీసేసినా వెయ్యికి ఎంతో పైన మిగులుతాయి. ఆ గంటల్లో ఎక్కడున్నావు, ఏం చదివావు అని అడిగేవారు ఉండరు.

2024 సెప్టెంబరులో నేను అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఫర్ ట్రాన్స్‌పోర్ట్ స్టడీస్‌లో చేరాను. ఇంగ్లండ్ చదువు ఎలా ఉంటుందని అడిగితే మనవాళ్లు చలి గురించి చెబుతారు, వంట గురించి, ఇంటి అద్దె గురించి, వీసా గురించి చెబుతారు. అవన్నీ ఉన్నవే, తేలికైనవీ కావు. నా మటుకు నాకు ఆ ఏడాది ఇచ్చినవాటిలో అన్నిటికంటే విలువైనవి ఆ పట్టికలోని ఖాళీ గంటలు. పట్టా వాటి తర్వాతే. ఎందుకిలా అంటున్నానో తెలియాలంటే, అంతకుముందు నా గంటలు ఎవరి చేతుల్లో ఉండేవో చెప్పాలి.

ఇంటర్ కోసం మధిర నుంచి విజయవాడ పక్కన ఒక రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లేసరికి నాకు పదిహేనేళ్లు. తెల్లవారుజామున ఐదింటికి బెల్లు. ఐదున్నరకు స్టడీ అవర్. టిఫిను, క్లాసులు, భోజనం, మళ్లీ క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు లైట్లు ఆర్పడం. ఆదివారం వీకెండ్ టెస్టు. స్నానాల గది ముందు వరసలో నిలబడ్డప్పుడు కూడా చేతిలో ఫార్ములాల కాగితం ఉండేది. అక్కడి లెక్చరర్లు చెడ్డవాళ్లేం కాదు. రాత్రి పదింటికి డౌట్ అడిగినా విసుక్కోకుండా చెప్పిన ఫిజిక్స్ సార్‌ను నేను ఇప్పటికీ తలుచుకుంటాను. కానీ మెలకువగా ఉన్న పదిహేడు గంటల్లో ఒక్కటి కూడా నాది కాదు. ఏ గంటలో ఏ చాప్టరు, ఏ చాప్టరులో ఏ లెక్క, దానికి ఎన్ని నిమిషాలు, అన్నీ ముందే ఎవరో నిర్ణయించి గోడకు అంటించేవారు. తర్వాత హైదరాబాదులో బీటెక్. అక్కడ 75 శాతం హాజరు. టైంటేబుల్లో లైబ్రరీ పీరియడ్ అని ఒకటుండేది గానీ సిలబస్ మిగిలిపోయిన సార్ ఎవరో వచ్చి దాన్ని తీసుకునేవారు.

అలా పెరిగినవాళ్లకు లీడ్స్ టైంటేబుల్ చూస్తే మొదట కలిగేది భయం. సోమవారం రెండు గంటలు, మంగళవారం మూడు, గురువారం ఇంకొన్ని. బుధవారం మధ్యాహ్నం సాధారణంగా ఏమీ పెట్టరు. విద్యార్థులు ఆడుకోవడానికని ఆ పూటను వదిలేయడం బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాల ఆనవాయితీ. ఆటలు ఆడని నాకు ఆ పూట ఇంకా వింతగా ఉండేది. వేల మంది పనిచేసే ఒక సంస్థ, కోట్ల పౌండ్ల భవనాలున్న సంస్థ, వారంలో ఒక మధ్యాహ్నాన్ని కావాలనే ఖాళీగా పెట్టుకుంటుందని నేను ఎన్నడూ ఊహించలేదు.

ఆ ఖాళీలో ఏం జరుగుతుంది? మొదటి వారాల్లో ఏమీ జరగదు. స్లయిడ్లు మళ్లీ చదువుతాం. నోట్సు అందంగా తిరగరాస్తాం. రీడింగ్ లిస్టులో తప్పనిసరిగా చదవాల్సినవి, వీలైతే చదవాల్సినవి అని రెండు రకాలుంటాయి. పరీక్షకు ఏది వస్తుందో తెలియని ఆ పెద్ద జాబితా ముందు కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. సెమినార్‌లో ట్యూటర్ (అక్కడ ప్రొఫెసర్నయినా పేరు పెట్టే పిలుస్తారు, నాకు ఆ పిలుపు నోట్లోంచి రావడానికే చాలా కాలం పట్టింది) ఒక పరిశోధన వ్యాసం మా ముందు పెట్టి, ఇందులో మీరు దేంతో ఒప్పుకోలేకపోయారు అని అడిగింది. ఎవరు రాశారు, ఏ పద్ధతి, ఫలితం ఏమిటి అని అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఒప్పుకోకపోవడం అన్నది ఒక గంట చదువులో రాదు. ఆ వ్యాసం ఎవరికి జవాబుగా రాశారో వెతకాలి, వాళ్లు వాడిన లెక్కను మనం ఒకసారి చేసి చూడాలి, చేశాక పక్కన పెట్టి నడవాలి, నడుస్తుంటే ఎక్కడో ఒక చోట ఇదెలా కుదురుతుంది అన్న అనుమానం పుట్టాలి. అనుమానం పుట్టడానికి వేళ చెప్పలేం. ఐదున్నర నుంచి ఏడు దాకా అనుమానపు స్టడీ అవర్ అని పెట్టలేం. అందుకే వాళ్లు ఆ గంటలను ఖాళీగా వదిలారని నాకు నెమ్మదిగా అర్థమైంది.

మార్కుల్లో కూడా అదే కనిపిస్తుంది. మాస్టర్స్‌లో 50 వస్తే పాస్, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. తొంభైలకు అలవాటు పడ్డ పిల్లలకు 62 చూస్తే గుండె జారుతుంది. అయినా ఆ 62 పక్కన పేజీ నిండా రాసిన వ్యాఖ్యలు చదివితే తేడా తెలుస్తుంది. విషయం సరిగ్గా చెప్పినందుకు యాభైల్లో మార్కులు ఇస్తారు. చదివినవాటిని ఒకదానితో ఒకటి పోట్లాటకు దింపినందుకు అరవైలు. తన మాట ఒకటి చెప్పి, దాన్ని నిలబెట్టినందుకు డెబ్బై. ఆ మెట్లు ఎక్కడానికి కావలసింది తెలివి కంటే కాలం. నాతో చదివినవాళ్లలో తెలివిలేనివాళ్లను నేను చూడలేదు. కాలం లేనివాళ్లను చాలామందిని చూశాను.

నేను చదివిన శాస్త్రంలో కాలానికి వెల కట్టడమే ఒక పెద్ద అధ్యాయం. కొత్త రోడ్డు వేయాలన్నా, రైలు మార్గం కట్టాలన్నా, దానివల్ల ప్రయాణికులకు మిగిలే సమయాన్ని డబ్బులోకి మార్చి ఖర్చుతో పోల్చి చూస్తారు. మనిషి తన కాలాన్ని ఎలా పంచుకుంటాడన్న దానిపై గ్యారీ బెకర్ 1965లో రాసిన వ్యాసం ఈ ఆలోచనకు పునాదుల్లో ఒకటి. బ్రిటన్ ప్రభుత్వ లెక్కల్లో ఆఫీసు పని మీద తిరిగే గంటకు ఒక రేటు, ఉద్యోగానికి వెళ్లి వచ్చే గంటకు ఇంకో రేటు, చుట్టాలింటికో పార్కుకో వెళ్లే గంటకు మరో రేటు. ఆ మూడోది రెండోదానిలో సగానికి కూడా రాదు. ఈ రేట్లను నిర్ణయించిన అధ్యయనాల్లో మా సంస్థ వాళ్ల చెయ్యి ఉంది. వాళ్లు ఆ అంకెలను ఎంత జాగ్రత్తగా, ఎన్ని సందేహాలతో వాడతారో క్లాసులో చూశాను. గంటకు వెల కట్టడం వేరు, గంటను అమ్మేయడం వేరు అని వాళ్లకు బాగా తెలుసు.

మా ఇంట్లో మాత్రం ఆ రెండూ కలిసిపోయేవి. హైడ్ పార్క్ పేటలో ఎర్ర ఇటుకల ఇళ్ల వరసలో మా ఇల్లు. లీడ్స్‌లో ఇలాంటివి బోలెడు, వెనక గోడ వెనకింటితో ఉమ్మడిగా ఉంటుంది, గాలీ వెలుతురూ ఒక వైపు నుంచే రావాలి. నలుగురం తెలుగువాళ్లం. కొత్తగా ఎవరైనా తెలుగు విద్యార్థి వస్తే మొదట వినిపించే ప్రశ్న ఒకటే: “పార్ట్‌టైమ్ దొరికిందా?” ఏ కోర్సు, ఏ సబ్జెక్టులు అన్నవి చాలా తర్వాత వస్తాయి. స్టూడెంట్ వీసా మీద టర్ము నడిచేటప్పుడు వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. మాస్టర్స్‌వాళ్లకు వేసవి కూడా టర్మే, డిసర్టేషన్ రాసే కాలం కాబట్టి. నేనూ చేశాను, క్యాంపస్‌లోని కేఫేలో, కొన్ని గంటలే. అంతటితో సరిపెట్టుకోగలిగింది నా క్రమశిక్షణ వల్ల కాదు. అంతకుముందు హైదరాబాదులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి దాచుకున్న జీతం ఉంది, లోను సగమే తీసుకున్నాను. నా గంటలు నాకు మిగలడానికి అదే కారణం.

పక్క గదిలోని జగిత్యాల తమ్ముడికి ఆ వెసులుబాటు లేదు. నాన్న పసుపు పండించే రెండెకరాలు తాకట్టులో ఉన్నాయి. ఊరు బయట ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు, పెట్టెలు స్కాన్ చేసి పేర్చే పని. తెల్లవారి వచ్చి బూట్లతోనే మంచం మీద వాలిపోయేవాడు. పదకొండింటి లెక్చరుకు లేపమని నాకు చెప్పి పడుకునేవాడు, లేపితే లేచేవాడు, వెళ్లేవాడు, ఏనాడూ ఎగ్గొట్టలేదు. వాడి కోర్సు డేటా అనలిటిక్స్. ఒకరోజు అన్నం తింటూ, ఇప్పటిదాకా చదివినవాటిలో నీకు బాగా నచ్చింది ఏమిట్రా అని అడిగాను.

“స్లయిడ్స్ దాకానే అక్కా. పేపర్లు చదివే టైం యాడుంది?” అన్నాడు.

“సెలవుల్లో?”

“సెలవుల్లో ఎక్కువ గంటలు చేసుకోనిస్తరు కదా. అప్పుడే నాలుగు పైసలు మిగిలేది.”

ఆ రాత్రి నేను నేర్చుకున్న శాస్త్రంతో లెక్క వేశాను. అలాంటి కోర్సులకు విదేశీ విద్యార్థి కట్టే ఫీజు పాతికవేల పౌండ్లు, చాలాచోట్ల ఇంకా పైన. దాన్ని 1800 గంటలకు పంచితే గంటకు దాదాపు 14 పౌండ్లు. ఆ ఏడాది 21 దాటినవాళ్లకు కనీస వేతనం గంటకు 11.44 పౌండ్లు. 2025 ఏప్రిల్లో 12.21 అయింది. చదువుకోవడానికి 14 పౌండ్లు పెట్టి కొన్న గంటను వాడు 11.44కు అమ్ముతున్నాడు. అద్దె, తిండి, రానూపోనూ ఛార్జీలు ఇంకా ఈ లెక్కలో చేరలేదు. చదువు 1800 గంటలు, పని వారానికి 20 గంటలు, రెండూ పక్కపక్కన పెడితే వారానికి 55 గంటలకు వస్తుంది, మనిషి చేయలేనిదేం కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. కాగితం మీద నిజమే. రాత్రంతా నిలబడి పనిచేసిన ఒళ్లు పగటి గంటను ఎలా వాడుకుంటుందో ఆ కాగితం చెప్పదు. మిగిలే గంటలు నిద్రకే చాలవు. పైగా అమ్ముడుపోయేవి ఎప్పుడూ ఆ ఖాళీ గంటలే. లెక్చరు ఎగ్గొడితే హాజరు పడిపోతుంది, వీసాకు ముప్పు. ప్రైవేట్ స్టడీ ఎగ్గొడితే ఎవరికీ తెలియదు. ఎవరూ లెక్క అడగని గంటలను మొదట ఆకలి తినేస్తుంది.

వాడిని నేను తప్పుపట్టను. ఇంగ్లండ్ చేరితే పార్ట్‌టైమ్‌తోనే ఖర్చులన్నీ గడిచిపోతాయని, ఫీజులో కొంత కూడా తీర్చేయొచ్చని ఇక్కడ ఆ తండ్రికి చెప్పినవాళ్లున్నారు. వాళ్ల మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అక్కడి విశ్వవిద్యాలయాల బాధ్యత కూడా ఉంది. ఇంగ్లండ్‌లో స్థానిక డిగ్రీ విద్యార్థుల ఫీజును 2017 నుంచి 2025 దాకా 9,250 పౌండ్ల దగ్గరే ఆపి ఉంచారు. ధరలు పెరిగాయి, ఫీజు పెరగలేదు. ఆ లోటును పూడ్చింది ఎక్కువగా విదేశీ విద్యార్థుల డబ్బే. జగిత్యాల పసుపు చేను తాకట్టు పెట్టిన డబ్బు ఎక్కడో ఒక లాబొరేటరీ కరెంటు బిల్లు కడుతోంది. అంత డబ్బు తీసుకున్నప్పుడు, ఆ విద్యార్థి తన 1800 గంటలను నిజంగా చదువుకు వాడుకోగలుగుతున్నాడా అని విచారించడం ఫీజు రసీదు ఇవ్వడంతో సమానమైన పని. హాజరు ఎందుకు తగ్గిందని ఈమెయిల్ వస్తుంది. రాత్రి ఎక్కడున్నావు, ఎందుకు నిద్రపోతున్నావు అన్న ప్రశ్న మాత్రం ఏ ఈమెయిల్లోనూ నేను చూడలేదు.

క్యాంపస్‌లో మైఖేల్ శాడ్లర్ పేరు మీద ఒక భవనం ఉంది. ఆ పేరు ఎక్కడో విన్నట్టుండి ఫోన్లో అమ్మను అడిగాను. అమ్మ ప్రభుత్వ పాఠశాలలో టీచరు.

“శాడ్లర్ కమిషన్! బీఈడీలో చదవలేదూ? పది మార్కుల ప్రశ్న. ఆయన మీ యూనివర్సిటీ ఆయనా తల్లీ?” అంది.

ఆయనే. 1911 నుంచి 1923 దాకా లీడ్స్ వైస్ ఛాన్సలర్. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్‌కు అధ్యక్షుడై ఇండియాకు వచ్చాడు, 1919లో నివేదిక ఇచ్చాడు. ఇంటర్మీడియట్ తరగతులను విశ్వవిద్యాలయాల నుంచి విడదీసి వేరే కాలేజీల్లో, వేరే బోర్డు కింద పెట్టాలని సిఫార్సు చేసింది ఆ కమిషనే. మన చదువంతా పరీక్షల చుట్టూ తిరుగుతోందని, అధ్యాపకుడికీ విద్యార్థికీ మధ్య దగ్గరితనం లేదని ఆందోళన పడింది కూడా ఆ కమిషనే. కుర్రాళ్లు విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే ముందు తమంతట తాము చదువుకోగల వయసుకు రావాలని, దానికి ఒక మెట్టు కట్టాలని ఆయన అనుకున్నాడు. నూరేళ్ల తర్వాత ఇంటర్మీడియట్ అన్న అదే పేరుగల మెట్టు మీద నేను గోడకు అంటించిన నిమిషాల పట్టిక ప్రకారం బతికి, అక్కడి నుంచి ఆయన పేరున్న భవనం ముందుకు వచ్చి నిలబడ్డాను. దీనికి ఆయన్ని అనడానికేం లేదు. మెట్టు కట్టినవాళ్లు ఒకరు, దాన్ని నిచ్చెనగా మార్చి అమ్ముకున్నవాళ్లు ఇంకొకరు.

నా ఖాళీ గంటల్లో ఎక్కువ భాగం గడిచింది బ్రదర్టన్ లైబ్రరీలో. 1936లో తెరిచిన గుండ్రటి చదువుల గది, పైన పెద్ద డోము, చుట్టూ ఆకుపచ్చ పాలరాతి స్తంభాలు. అక్కడ కూర్చుంటే నాకు తరచూ గుర్తొచ్చింది కెన్యా రచయిత గూగీ వా థియాంగో. తెలుగు పాఠకులకు ఆయన పరాయివాడు కాదు. ‘మట్టికాళ్ల మహారాక్షసి’, ‘బందీ’ వరవరరావు అనువాదాలుగా మన ఇళ్లలో ఉన్నాయి. ఆ గూగీ 1964లో లీడ్స్‌కు ఎంఏ చదవడానికే వచ్చాడు. కరీబియన్ సాహిత్యం మీద థీసిస్ రాయాలి. అది పూర్తి చేయలేదు, డిగ్రీ తీసుకోలేదు. ఆ గంటల్లో ఆయన రాసింది ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’ నవల. పరీక్షల లెక్కలో అది వైఫల్యం. ఆఫ్రికా సాహిత్యం లెక్కలో అంతకంటే బాగా వాడుకున్న గంటలు ఆ క్యాంపస్‌లో మరెవరివో నాకు తెలియదు. ఆయనకు అవి దొరికాయి, వాటిని ఎవరూ లాక్కోలేదు. నాకు అసూయ కలిగేది అక్కడే. ఈ రోజు మన ఊళ్ల నుంచి వెళ్లే పిల్లల్లో నవల రాయగలిగినవాళ్లు ఎవరున్నారో, ఏ గోడౌన్‌లో పెట్టెలు స్కాన్ చేస్తున్నారో!

డిసెంబరులో అక్కడ సూర్యుడు మూడూ ముప్పావుకే దిగిపోతాడు. మధ్యాహ్నం క్లాసు నుంచి బయటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగి ఉంటాయి. జూన్ వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగే. క్లాసులు మే నెలలోనే అయిపోతాయి, ఆ తర్వాత డిసర్టేషన్ ఒక్కటే. నా ఏడాది మొత్తంలో నిజమైన చదువు ఆ పొడుగాటి సాయంత్రాల్లో సాగింది. ఎవరూ చదవమనకుండానే లీడ్స్ ట్రామ్‌ల చరిత్ర మొదలుపెట్టాను. 1891లోనే రౌండ్‌హే పార్కుకు కరెంటు ట్రామ్ నడిచిన ఊరు అది. 1959 నవంబరులో చివరి ట్రామ్ ఆగిపోయింది. మళ్లీ ట్రామ్ వేద్దామన్న పథకాన్ని 2005లో ఆపేశారు, ట్రాలీబస్సు పథకాన్ని 2016లో తిప్పికొట్టారు. ప్రపంచానికి రవాణా పాఠాలు చెప్పే సంస్థ ఉన్న ఊళ్లో జనం ఇప్పటికీ స్టాపులో నిలబడి బస్సు కోసమే చూస్తారు. పాత ట్రామ్ దారి వెంట నడుచుకుంటూ వెళ్లి, స్టాపుల్లో కూర్చుని, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ చూసేదాన్ని. అది చదువా, తిరుగుడా అని నన్ను ఎవరూ అడగలేదు.

డిసర్టేషన్ విషయం దొరికింది ఆ స్టాపుల్లోనే. ఎదురుచూసేవాళ్లను చూస్తుంటే మన ఊరి బస్సులు గుర్తొచ్చాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. అమ్మ రోజూ ఖమ్మం రోడ్డు మీద ఆ బస్సే ఎక్కుతుంది. “టికెట్ డబ్బులు మిగులుతున్నయి గానీ, మొదటి బస్సు నిండిపోయి ఆగట్లేదు. రెండోదాని కోసం నిలబడాలి. టైం పోతోంది,” అంది ఒకసారి. మా శాస్త్రంలో బండిలో కూర్చున్న నిమిషం కంటే స్టాపులో నిలబడ్డ నిమిషానికి ఎక్కువ బరువు వేస్తారు, ఎదురుచూడటం మనిషికి ఎక్కువ కష్టం కాబట్టి. టికెట్టు సున్నా అయినప్పుడు ఆడవాళ్లు కట్టే ఛార్జీ మొత్తం కాలంలోనే కడుతున్నారు. మరి ఆ కాలానికి ఏ రేటు వేయాలి? జీతం ఉన్న టీచరు గంటకు, కూరగాయలు అమ్ముకునే ఆమె గంటకు, ఇంట్లో ముసలివాళ్లను చూసుకునే ఆమె గంటకు వేర్వేరు రేట్లా? నా గైడ్ ఈ ప్రశ్న విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, దీనికి నా దగ్గర జవాబు లేదు, మీరు వెతకండి అన్నారు. పదిహేనేళ్లకు పైగా చదివాక ఒక టీచరు నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆ వేసవి నేను ఆ ప్రశ్నతోనే ఉన్నాను. దొరికిన జవాబు చిన్నదే, అయినా అది నేను వెతికినది.

ఇప్పుడు ఖమ్మం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విభాగంలో పాఠాలు చెబుతున్నాను. యూకే వెళ్లాలనుకునే పిల్లలు సలహా కోసం వస్తారు. ర్యాంకింగుల కంటే ముందు కోర్సు వివరాల పేజీ తెరవమంటాను. గంటల పట్టికలో ప్రైవేట్ స్టడీ ఎన్ని గంటలో చూసి, ఆ గంటలను అమ్ముకోకుండా ఉండడానికి ఎంత డబ్బు కావాలో లెక్క వేసుకుని రమ్మంటాను. ఆ డబ్బు లేకపోతే రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లమంటాను. కొందరు వింటారు. కొందరి తల్లిదండ్రులు, మా వాడి ఆశ మీద నీళ్లు చల్లుతున్నారా మేడమ్ అంటారు. వాళ్ల ఆశను నేను తక్కువ చేయడం లేదు. వాడు అక్కడికి వెళ్లి, వెళ్లిన పని చేసుకోకుండా తిరిగి రాకూడదన్నదే నా తపన. జగిత్యాల తమ్ముడు పాసయ్యాడు, యాభైల్లో మార్కులతో. ఇంకా అక్కడే ఉన్నాడు, గోడౌన్‌లో ఇప్పుడు పగటి షిఫ్టు. పేపర్లు చదవడం మొదలుపెట్టానక్కా అని ఈ మధ్య మెసేజ్ పెట్టాడు. ఏం చదువుతున్నావో రాయమన్నాను. ఇంకా రాయలేదు.

మా కాలేజీ టైంటేబుల్లో కూడా లైబ్రరీ పీరియడ్ ఉంది, మూడో సంవత్సరం వాళ్లకు గురువారం మధ్యాహ్నం. దాన్ని నాకు అప్పగించమని ప్రిన్సిపల్ గారిని అడిగాను. “తీసుకోండి మేడమ్. రిజిస్టర్‌లో ఏ టాపిక్ రాద్దాం?” అన్నారు. ఏమీ రాయొద్దన్నాను. ఆయన కొంచెం ఆలోచించి, లైబ్రరీ అని రాసుకోండి, ఇన్‌స్పెక్షన్ వాళ్లకు అది చాలు అన్నారు. మొదటి వారాల్లో పిల్లలు ఫోన్లు చూసుకున్నారు, కొందరు బల్ల మీద తలవాల్చి నిద్రపోయారు. నేను లేపలేదు. తర్వాత ఒకమ్మాయి మున్నేరు వరదల మీద పాత ఇంజనీర్ల రిపోర్టులు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. ఆమె ఎందుకు అడిగిందో నేను అడగలేదు, ఎక్కడ వెతకాలో చెప్పాను. మిడ్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. సిలబస్ మిగిలిందని ఆ గంట కావాలని ఇద్దరు ముగ్గురు అడుగుతారు. ఇవ్వనని స్టాఫ్ రూములో ముందే చెప్పి ఉంచాను.